మంచుమీది వృత్తాలు

ఫిగర్ స్కేటింగ్ క్రీడాకారుల పాదరక్షల కింద అమర్చే ఉక్కు బ్లేడు మందం సుమారు 4 మిల్లీమీటర్లు. దాని అడుగుభాగం చదునుగా ఉండదు. మధ్యలో పొడవునా ఒక సన్నని గాడి, ఆ గాడికి రెండు వైపులా రెండు పదునైన అంచులు ఉంటాయి. స్కేటరు తన దేహభారాన్ని ఒకవైపు వాల్చినప్పుడు ఒక అంచు మాత్రమే మంచును తాకుతుంది. అప్పుడు గమనం సరళరేఖను వదలి వక్రరేఖగా మారుతుంది. లోపలి అంచా, వెలుపలి అంచా, ముందుకా, వెనుకకా, కుడి కాలా, ఎడమ కాలా అన్న ఈ కొద్దిపాటి భేదాల నుంచే ఈ క్రీడలోని విన్యాసాలన్నీ పుట్టుకొచ్చాయి. శరీరం ఎంత వాలాలో, భుజం ఎప్పుడు తిరగాలో, మోకాలు ఎంత వంగాలో శాస్త్రం నిర్ణయిస్తుంది. అయినా ఒకే అంచుపై, ఒకే వంపులో సాగే ఇద్దరిని చూసినవారికి ఆ ఇద్దరూ ఒకే పని చేస్తున్నారని తోచదు. ఒకరి గమనం లెక్క సరిచూస్తున్నట్లు ఉంటుంది. మరొకరి గమనం మాట్లాడుతున్నట్లు ఉంటుంది. వీరిలో ఎవరికి పతకం ఇవ్వాలన్నది ఈ క్రీడను నూరేళ్లకు పైగా వేధిస్తున్న సమస్య.

నీరు గడ్డకట్టని తెలుగు నేలపై ఈ క్రీడకు పరిచయం తక్కువ. చక్రాల బూట్లతో సాగే దాని తోబుట్టువు మాత్రం మన నగరాలకు కొత్త కాదు. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో చక్రాల స్కేటింగ్ కళావిభాగంలో రెండు కాంస్య పతకాలు సాధించాడు. చక్రమైనా ఉక్కు అంచైనా ప్రశ్న ఒకటే కనుక, ఆ ప్రశ్న పుట్టి పెరిగిన చలిదేశాలకు వెళ్లి చూడటం మంచిది.

ఈ క్రీడ పేరులోని ‘ఫిగర్’ అనే మాటకు ఆకృతి అని అర్థం. ఒకప్పుడు స్కేటర్ల విద్యకు పరీక్ష మంచుమీద వారు గీసే ఆకృతులే. తన ఎత్తుకు సుమారు మూడింతల వ్యాసం గల వృత్తాన్ని ఒంటికాలిపై గీయాలి. దాని పక్కనే మరో వృత్తాన్ని గీసి ఎనిమిది అంకె వలె కలపాలి. మళ్లీ అదే గీత మీదుగా గీత తప్పకుండా సాగాలి. సంగీతం ఉండదు, ప్రేక్షకులూ అంతగా ఉండరు. స్కేటరు పక్కకు తప్పుకున్న తర్వాత న్యాయనిర్ణేతలు మంచు మీదికి వచ్చి, నడుము వంచి, ఆ గీతలను పరిశీలించేవారు. చాలాకాలం మొత్తం మార్కులలో నూటికి 60 ఈ గీతలకే దక్కేవి.

తెలుగులో వృత్తమంటే గుండ్రని గీత మాత్రమే కాదు, పద్యం కూడా. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు. నన్నయ రచించినా పోతన రచించినా గణాలు అవే, యతిస్థానం అదే. ఆ కట్టుబాటు ఇద్దరికీ సమానమైనప్పటికీ రెండు పద్యాలను పక్కపక్కన చదివితే ఏది ఎవరిదో చెవి చెబుతుంది. ఛందస్సు తెలియనివాడికి ఆ స్వేచ్ఛ దొరకదు. ఛందస్సు మాత్రమే తెలిసినవాడికీ దొరకదు. మంచుమీద కూడా స్థితి ఇంచుమించు ఇదే. భేదమల్లా ఒక్కటి: పద్యాలకు పక్కన నిలబడి అంకెలు వేసే ఆచారం మనకు లేదు.

గీతల క్రమశిక్షణకు ఎదురు నిలిచిన తొలి ప్రముఖుడు అమెరికాకు చెందిన జాక్సన్ హేన్స్. అతడు నాట్యం నేర్చినవాడు. చేతులు కదపకుండా, నిటారుగా, గంభీరంగా స్కేటింగ్ చేయడమే మర్యాదగా భావించిన కాలంలో అతడు సంగీతానికి అనుగుణంగా, దేహమంతా పలికేటట్లు స్కేటింగ్ చేశాడు. స్వదేశంలో తగిన ఆదరణ లభించక 1860 దశకంలో ఐరోపాకు వెళ్లాడు. నృత్యసంగీతాలకు నిలయమైన వియన్నా నగరం అతడిని అక్కున చేర్చుకుంది. 1875లో ఫిన్లండులో కన్నుమూశాడు. ఆధునిక ఫిగర్ స్కేటింగ్‌కు పితామహుడని నేడు అందరూ అంగీకరించే ఆ వ్యక్తి తన జీవితకాలంలో సొంతదేశానికి కొరగాలేదు.

గీతకూ గమనానికీ మధ్య నలుగుతూ వచ్చిన వివాదం 1972లో జపానులోని సపోరో ఒలింపిక్ క్రీడలలో అందరి కళ్లకూ కట్టింది. ఆస్ట్రియాకు చెందిన బియాట్రిక్స్ షూబా గీతల విద్యలో అసమానురాలు. ఆమె గీసిన వృత్తాలు వృత్తలేఖినితో గీసినవాటివలె ఉండేవి. అమెరికాకు చెందిన జానెట్ లిన్ స్వేచ్ఛా విన్యాసాలలో అంతటిది. ఆమె స్కేటింగ్‌లో శ్రమ కనిపించేది కాదు; ఒక కదలిక ముగియకముందే మరొక కదలిక మొదలయ్యేది; సంగీతం ఆమెను కదిలిస్తున్నదో, ఆమె సంగీతాన్ని కదిలిస్తున్నదో తెలిసేది కాదు. అప్పటికి గీతలకు సగం మార్కులు, స్వేచ్ఛా విన్యాసాలకు సగం మార్కులు. షూబా గీతలలో సాధించిన ఆధిక్యం ఎంత పెద్దదంటే, స్వేచ్ఛా విన్యాసాలలో ఏడవ స్థానంలో నిలిచినా స్వర్ణపతకం ఆమెకే దక్కింది. స్వేచ్ఛా విన్యాసాలలో ప్రథమస్థానం పొందిన లిన్‌కు కాంస్యం మిగిలింది.

ఆ రోజు లిన్ విన్యాసం నిర్దోషం కూడా కాదు. గాలిలోకి ఎగిరి కూర్చున్న భంగిమలో గిరికీలు తిరగవలసినచోట ఆమె మంచుమీద కూలబడింది. లేచి, చిరునవ్వు చెదరకుండా సంగీతాన్ని అందుకుని ముందుకు సాగింది. పడిపోయిన ఆమెకు కళాత్మకత విషయంలో ఒక న్యాయనిర్ణేత సంపూర్ణమైన 6.0 ఇచ్చాడు. జపాను ప్రజలు స్వర్ణపతక విజేత కంటె ఎక్కువగా ఆమెనే గుండెల్లో పెట్టుకున్నారు.

టెలివిజనులో ఈ పోటీని చూసిన సామాన్య ప్రేక్షకుడికి అంతా అయోమయంగా తోచింది. గీతల పరీక్షను అతడికి ఎవరూ చూపించలేదు. చూసినదాని ప్రకారం గెలవవలసినవారు గెలవలేదు. అందువల్ల షూబాను నిందించడం మాత్రం అన్యాయం. నియమాలు కోరినదానిని ఆమె నియమాలు కోరినంత బాగా చేసింది. మరొక మాట కూడా చెప్పాలి. ఒంటికాలిపై, ఒకే అంచుపై, తొట్రుపాటు లేకుండా అంతటి వృత్తాన్ని పూర్తి చేయడానికి కావలసిన నిశ్చలత్వం కూడా ఒక సౌందర్యమే. చూడటానికి నడుము వంచవలసి ఉంటుంది, అంతే.

ఆ మరుసటి సంవత్సరమే నియమాలు మారాయి. గీతల విలువ తగ్గించి, నిర్దేశించిన విన్యాసాలతో కూడిన ఒక చిన్న కార్యక్రమాన్ని చేర్చారు. లిన్ వంటి వారికి న్యాయం జరగాలన్నదే ఆ మార్పు వెనుక ఉన్న ఆలోచన. విధి వక్రించింది. 1973 ప్రపంచ పోటీలలో ఆ కొత్త కార్యక్రమంలోనే లిన్ రెండు చోట్ల పడిపోయింది; స్వేచ్ఛా విన్యాసాలలో మళ్లీ ప్రథమస్థానం పొంది కూడా రజతంతో తృప్తిపడవలసి వచ్చింది. గీతల విలువ ఆ తర్వాత క్రమంగా క్షీణించింది. 1990 తర్వాత అంతర్జాతీయ పోటీల నుంచి అవి పూర్తిగా తొలగిపోయాయి. పేరులో మాత్రం ‘ఫిగర్’ మిగిలింది.

సాంకేతిక నైపుణ్యమూ వ్యక్తిగత శైలీ పరస్పర శత్రువులని భావించేవారు 1976 నాటి ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్ విజేత జాన్ కరీని గమనించాలి. ఇంగ్లండుకు చెందిన కరీ బాల్యంలో బ్యాలే నృత్యం నేర్చుకోవాలని కోరుకున్నాడు. మగపిల్లవాడికి నాట్యమేమిటని తండ్రి నిరాకరించాడు. స్కేటింగ్ క్రీడ కనుక దానికి మాత్రం అభ్యంతరం చెప్పలేదు. అలా నాట్యం దొడ్డిదారిన మంచుమీదికి వచ్చింది. ‘డాన్ కిహోటె’ బ్యాలే సంగీతానికి కరీ చేసిన స్వేచ్ఛా విన్యాసంలో తల వంపు నుంచి వేలికొస దాకా ఒకే రేఖ కనిపిస్తుంది. అతడు ఎగరడానికి ముందు చేతులు సిద్ధం చేసుకుంటున్నట్లు గాని, దిగిన తర్వాత ఊపిరి పీల్చుకుంటున్నట్లు గాని కనిపించడు. ఆ శైలికి మూలం అలంకారం కాదు, శిక్షణ. అంచుపై అంతటి అధికారం లేనివాడు అంత నెమ్మదిగా, అంత నిబ్బరంగా కదలలేడు.

అదే పోటీలో కాంస్యం పొందిన కెనడా క్రీడాకారుడు టోలర్ క్రాన్‌స్టన్ అందుకు పూర్తిగా భిన్నమైన వ్యక్తి. అతడు చిత్రకారుడు కూడా. కరీ రేఖను పరిశుద్ధం చేస్తే, క్రాన్‌స్టన్ దానిని విరిచి, మెలిపెట్టి, రంగులు పూశాడు. కాలును ఊహించని చోటికి విసిరేవాడు, వెన్నును వంచగలిగినంతా వంచేవాడు, అభినయాన్ని దాచుకునేవాడు కాదు. కరీని మెచ్చినవారిలో కొందరికి క్రాన్‌స్టన్ అతిగా అనిపించాడు. క్రాన్‌స్టన్‌ను మెచ్చినవారిలో కొందరికి కరీ చల్లగా అనిపించాడు. ఇద్దరూ లేకపోయి ఉంటే పురుషుల స్కేటింగ్ ఎగురుళ్ల లెక్కగా మిగిలిపోయేదనడంలో మాత్రం సందేహం లేదు. పతకం తర్వాత కరీ సొంతంగా ఒక బృందాన్ని ఏర్పరచి, 1984లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో ప్రదర్శన ఇచ్చాడు. అక్కడ మార్కులు వేసేవారెవరూ లేరు. 1994లో, 44 ఏళ్ల వయసులో మరణించాడు.

ఆ 1984లోనే సారయేవో ఒలింపిక్ క్రీడలలో ఇంగ్లండుకే చెందిన జేన్ టార్విల్, క్రిస్టఫర్ డీన్ జంట రావెల్ స్వరపరచిన ‘బొలేరో’కు చేసిన నృత్యం కళాత్మకతకు తొమ్మిదిమంది న్యాయనిర్ణేతల నుంచీ 6.0 పొందింది. ఆ సంగీతాన్ని ఎంత కుదించినా అనుమతించిన సమయానికి కొన్ని సెకన్లు మిగిలిపోయాయి. బ్లేడు మంచును తాకిన క్షణం నుంచే కాలం లెక్కిస్తారని అప్పటి నియమావళి చెప్పేది. కనుక ఆ జంట మోకాళ్లపై కూర్చునే నృత్యం ఆరంభించింది. నేటికీ ఆ ఆరంభాన్ని కవితాత్మకమని ప్రేక్షకులు కొనియాడతారు. నియమావళిని క్షుణ్ణంగా చదివినవారి కవిత్వమది.

శైలి అంటే ఏమిటో నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న ఫ్రాన్సుకు చెందిన సూర్య బొనాలి విషయంలో పదునెక్కింది. ఆమె పేరు మన సూర్యశబ్దమే. వ్యాయామ క్రీడల నుంచి స్కేటింగ్‌కు వచ్చిన ఆమె బలం, వేగం, ఎగిరే ఎత్తు ఆనాటి మహిళల పోటీలలో అరుదైనవి. న్యాయనిర్ణేతలకు మాత్రం ఆమెలో లాలిత్యం చాలదనిపించింది. 1993 నుంచి వరుసగా మూడు ప్రపంచ పోటీలలో ఆమె రెండవ స్థానంలోనే ఆగిపోయింది. 1994లో జపాను క్రీడాకారిణి యుకా సాతో చేతిలో వెంట్రుకవాసిలో ఓడిపోయినప్పుడు ఆమె విజేతల వేదిక ఎక్కడానికి నిరాకరించి, మెడలో వేసిన పతకాన్ని తీసివేసింది. సాతో అర్హురాలు కాదనడానికి వీలులేదు. మంచుమీద చప్పుడు వినిపించనంత మృదువుగా అంచులను నడిపించిన స్కేటరు ఆమె. అయితే మృదుత్వమొక్కటే లాలిత్యమా, శక్తికి లాలిత్యం ఉండదా అన్న విచికిత్స ఆ తీర్పులలో కనిపించదు. బొనాలి నల్లజాతి యువతి కావడం వల్లనే ఆమె శైలి శైలిగా కనిపించలేదా అన్న సందేహం నేటికీ సమసిపోలేదు.

1998లో నగానో ఒలింపిక్ క్రీడల నాటికి ఆమె గాయాలతో బాధపడుతున్నది. పతకం అందదని తెలిసిపోయిన తర్వాత, స్వేచ్ఛా విన్యాసం నడుమ ఆమె వెనుకకు పల్టీ కొట్టింది. ఆ విన్యాసం నిషిద్ధం. 1976లో అమెరికాకు చెందిన టెరీ కుబికా ఒలింపిక్ క్రీడలలో దానిని చేసిన తర్వాత, అది ప్రమాదకరమనీ, స్కేటింగ్ ఎగురుళ్లలో ఒంటికాలిపై దిగాలన్న నియమానికి విరుద్ధంగా రెండు కాళ్లపై దిగవలసి వస్తుందనీ దానిని నిషేధించారు. బొనాలి ఒంటికాలిపైనే దిగింది. నిషేధానికి చెప్పిన కారణాలలో ఒకదానిని ఒక్క క్షణంలో ఖండించింది. న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గించారు. ఆమె పదవ స్థానంలో నిలిచింది.

విచిత్రమేమంటే, ఈ క్రీడలో నేడు శాస్త్రంగా చెలామణి అవుతున్నదంతా ఒకనాడు ఎవరో ఒకరి సొంత పోకడే. నార్వేకు చెందిన అక్సెల్ పాల్సెన్ 1882లో వియన్నాలో ముందుకు సాగుతూ ఎగిరి, ఒకటిన్నర చుట్లు తిరిగి వెనుకకు దిగాడు. అది ‘అక్సెల్’ అయింది. స్వీడనుకు చెందిన ఉల్రిక్ సాల్కో పేరిట ఒక ఎగురు, ఆస్ట్రియాకు చెందిన అలోయిస్ లుట్స్ పేరిట ఒక ఎగురు నిలిచాయి. లుట్స్‌లో వక్రరేఖ ఒక దిశకు లాగుతుండగా దేహం దానికి వ్యతిరేకదిశలో తిరగాలి. అంత ఎదురీతను కోరుకున్నవాడి స్వభావం ఎలాంటిదో ఊహించవచ్చు. స్విట్జర్లండుకు చెందిన డెనిస్ బీల్‌మన్ వెనుకనుంచి పాదాన్ని పట్టి తలకు పైగా లాగి గిరికీలు తిరగడం చూసి 1981లో లోకం నివ్వెరపోయింది. 1988 ఒలింపిక్ విజేత బ్రయన్ బోయిటానో లుట్స్ చేస్తూ ఒక చేతిని తలపైకి ఎత్తడం అతడి సంతకమని అందరూ అనుకున్నారు. ఈ రెండు సంతకాలకు ఏమైందో తెలుసుకోవాలంటే కొత్త మార్కుల పద్ధతిని తెలుసుకోవాలి.

2002లో సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్ క్రీడలలో జంటల పోటీ తీర్పు వివాదాస్పదమై, రెండు జంటలకు స్వర్ణం ఇవ్వవలసి వచ్చింది. ఆ అపకీర్తి ఫలితంగా 6.0 పద్ధతి రద్దయింది. 2004 నుంచి అమలులోకి వచ్చిన పద్ధతిలో ప్రతి విన్యాసానికీ ఒక మూలవిలువ ఉంటుంది. దానిని ఎంత బాగా చేశారన్నదానిని బట్టి న్యాయనిర్ణేతలు విలువను పెంచుతారు లేదా తగ్గిస్తారు. 2018 నుంచి ఆ కొలమానం రుణ 5 నుంచి ధన 5 వరకు ఉంది. కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం అనే అంశాలకు వేరుగా మార్కులు ఉంటాయి. పక్షపాతాన్ని అరికట్టడానికి ఇది కొంతవరకు తోడ్పడింది. మరోవైపు, కష్టమైన భంగిమకు అదనపు విలువ ఉందని తెలియగానే గిరికీలలో ప్రతి అమ్మాయీ పాదాన్ని తలపైకి లాగడం మొదలుపెట్టింది, ఆ భంగిమ తన దేహానికి నప్పినా నప్పకపోయినా. ఎగురుళ్లలో చేతులు పైకి లేచాయి. ఒకరి సంతకం అందరి ధరపట్టికలోకి ఎక్కింది.

ఈ పద్ధతిలో శైలి గెలిచిందా, నైపుణ్యం గెలిచిందా అన్న చర్చ 2010లో వాంకూవర్‌లో మారుమోగింది. రష్యాకు చెందిన యెవ్‌గెని ప్లుషెంకో నాలుగు చుట్ల ఎగురు చేశాడు. అమెరికాకు చెందిన ఇవాన్ లైసాచెక్ చేయలేదు. లైసాచెక్ 257.67 మార్కులతో గెలిచాడు, ప్లుషెంకోకు 256.36 వచ్చాయి. నైపుణ్యాన్ని శైలి ఓడించిందని కొందరు సంబరపడ్డారు, కొందరు ఆగ్రహించారు. మార్కుల పట్టికను తెరిచి చూసిన ఓపికమంతులకు వేరే కథ కనిపించింది. స్వేచ్ఛా విన్యాసంలో కళాంశాలకు ఇద్దరికీ సరిగ్గా 82.80 వచ్చాయి. భేదమంతా సాంకేతిక విన్యాసాల గడిలోనే ఉంది. అందులో నాలుగు చుట్లు తిరగనివాడికే ఎక్కువ వచ్చింది. తక్కువ కష్టమైన దానిని ఎక్కువ శుభ్రంగా చేయడం కూడా సాంకేతిక నైపుణ్యమేనని ఆ పట్టిక చెప్పింది. ఆ సంగతి ఎక్కువమంది చెవికెక్కలేదు.

ఆ తర్వాత నాలుగు చుట్లు సర్వసాధారణమయ్యాయి. 2022 బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో అమెరికాకు చెందిన నేథన్ చెన్ స్వేచ్ఛా విన్యాసంలో అయిదు నాలుగు చుట్ల ఎగురుళ్లు చేసి, మొత్తం 332.60 మార్కులతో స్వర్ణం గెలిచాడు. అదే పోటీలో మరో ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి చూడవలసి ఉంటుంది. జపానుకు చెందిన యుజురు హన్యూ అప్పటికే 2014లో, 2018లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినవాడు. శైలికీ శాస్త్రానికీ సంధి కుదిర్చిన స్కేటరని పేరు పొందినవాడు. అప్పటికి పోటీలలో ఎవరూ నిలబెట్టుకోని నాలుగున్నర చుట్ల అక్సెల్‌ను ప్రయత్నించి పడిపోయాడు, 283.21 మార్కులతో నాలుగవ స్థానంలో నిలిచాడు. అమెరికాకు చెందిన జేసన్ బ్రౌన్ ఒక్క నాలుగు చుట్ల ఎగురూ లేకుండా బరిలో దిగాడు. ఎగురుకూ ఎగురుకూ నడుమ ఉన్న ప్రతి అడుగునూ, ప్రతి అంచునూ సంగీతానికి అప్పగించాడు. అతడికి 281.24 మార్కులు, ఆరవ స్థానం. ఒకరు అసాధ్యాన్ని కోరి పడిపోయారు. మరొకరు తనకు సాధ్యమైనదానిని చివరికంటా పండించారు. ఇద్దరికీ మధ్య తేడా రెండు మార్కులైనా లేదు, ఇద్దరికీ పతకమూ లేదు. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికాకు చెందిన ఇలియా మలీనిన్ అనే పదిహేడేళ్ల కుర్రవాడు ఆ అక్సెల్‌ను నిలబెట్టుకున్నాడు. దాని మూలవిలువ 12.50.

2024 జనవరిలో ఐరోపా పోటీలలో ఫ్రాన్సుకు చెందిన అడాం సియావో హిమ్ ఫా మార్కులు పోతాయని తెలిసీ వెనుకపల్టీ కొట్టాడు. 2 మార్కులు పోయాయి. అయినా అతడే గెలిచాడు. ఆ ఏడాదే అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం ఆ విన్యాసంపై నిషేధాన్ని ఎత్తివేసింది. బొనాలి నగానోలో ఒంటికాలిపై దిగి అప్పటికి 26 సంవత్సరాలు.